నాయన రాసిన జానపద నవలతో చేతి గేమ్ చేస్తున్నా, యుద్ధాల దగ్గర ఆగిపోయాను

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి మీకు తోచింది చెప్పండి.

నేను కర్నూలులో డి.టి.పి. పని చేస్తాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరిదైనా కవితల పుస్తకం. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. 2016లో పోయాడు. ఆయన ఒక జానపద నవల రాసిపెట్టాడు. అచ్చుకు ఎక్కడికీ పంపలేదు. బనగానపల్లె అవతల పల్లెలకు నైట్ హాల్ట్ డ్యూటీ పడినప్పుడు, డ్రైవరు నిద్రపోయాక ఈయన బస్సులో లైటు వేసుకుని రూళ్ల నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఒక రాత్రికి ఒక అధ్యాయం. మొత్తం 31 అధ్యాయాలు, ఐదు పుస్తకాలు. ఇంటికొచ్చాక మా అమ్మకు చదివి వినిపించేవాడు. అమ్మకు చదువు రాదు.

కథ ఇది. వానల్లేని సీమలో గొర్రెలు కాసుకునే కుర్రవాడికి తొలకరి పడిన మర్నాడు చేలో ఒక రాయి దొరుకుతుంది. మా వైపు జొన్నగిరి, పత్తికొండ పొలాల్లో తొలకరికి జనం వజ్రాలు వెతకడానికి పోతారు కదా, నాయన అక్కడి నుంచే తీసుకున్నాడు. కానీ అది వజ్రం కాదు, భూమి కింద గుహలో పారే ఒక నదికి కన్ను. కన్ను ఊడిపోయిన నది దారి కానక ఎటో పోతోంది, పైన బావులన్నీ ఎండుతున్నాయి. రాయిని తీసుకెళ్లి గుహలో నదికి ఇవ్వాలి. దారి పొడవునా రాజభటులు, వజ్రాల వర్తకుడు, రూపాలు మార్చే ఒక మంత్రగత్తె, అందరూ అడిగేది ఒకటే: "సంచిలో ఏముంది?" కుర్రవాడు అబద్ధం చెబితే రాయి వీశెడు బరువెక్కుతుంది. నిజం చెబితే లాక్కుంటారు. ఇదీ నవల.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు తీసేశాక ట్రంకుపెట్టె తెరిస్తే ఐదు పుస్తకాలూ బురద ముద్దలు. మిద్దె మీద నవారు మంచం వేసి, ఒక్కో కాగితాన్ని తడి గుడ్డతో అద్ది, పక్కపక్కన పరిచి ఆరబెట్టాం. బాల్‌పెన్నుతో రాసిన నాలుగు పుస్తకాలు నిలిచాయి. డిపోలో ఎవరో బహుమతిగా ఇచ్చిన ఇంకు పెన్నుతో రాసిన నాలుగో పుస్తకం మాత్రం లేత నీలం కాగితాల కట్ట అయిపోయింది. 19 నుంచి 24 వరకు అధ్యాయాలు పోయాయి. నాయన మళ్లీ రాస్తానన్నాడు గాని రాయలేదు.

ఇప్పుడు మా మేనల్లుడు, పదకొండేళ్లవాడు, చేతిలో పట్టుకునే గేమ్ పరికరం ఒకటి తెచ్చుకున్నాడు. మూడున్నర అంగుళాల తెర, 640 బై 480 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు). వాడు ఆడేవన్నీ ఆర్‌పీజీలే, అంటే కథలో ఒక పాత్రగా మారి ఊళ్లు తిరుగుతూ, పోరాడుతూ ఆడే రోల్ ప్లేయింగ్ గేములు. "అత్తా, జేజినాయన కథ దీంట్లో ఆడుకోవచ్చా?" అని అడిగాడు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలుగా రాత్రిళ్లు నేర్చుకుంటున్నా. ఊరు, చేను, గొర్రెల దొడ్డి గీశాను. నడక వచ్చింది. తర్వాత యూట్యూబ్ పాఠాలు చూసి, వాటిలో చెప్పినట్టే పది అడుగులకు ఒక తోడేలో దొంగో ఎదురయ్యేలా, వాళ్లను కొడితే పాయింట్లు వచ్చేలా పెట్టాను. మేనల్లుడికి నచ్చింది. పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ మాత్రం, "ఆ పిల్లోడు తోడేలును చంపడు కదమ్మా. దోసిట్లో నీళ్లు పెడతాడు" అంది.

నిజమే. 25 అధ్యాయాలు మళ్లీ తిరగేశాను. కుర్రవాడు కత్తి తీసేది రెండేసార్లు. అందులో ఒకసారి తాడు కోయడానికి.

యుద్ధాలు తీసేస్తే అది ఆర్‌పీజీ అవుతుందా? ఉంచితే నాయన నవల అవుతుందా? ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. తెలుగు అక్షరాలు తెర మీద విడిపోతున్నాయి, స్త్రీ అని రాస్తే స, త, ర వేరువేరుగా పడుతున్నాయి. ఇక పోయిన ఆరు అధ్యాయాలను ఏం చేయాలో అసలు తెలీడం లేదు.

లేపాక్షి బసవ (అనంతపురం)

అక్కా, ముందు అక్షరాల సంగతి తేల్చుకుందాం, అది తేలిగ్గా తెగేది.

నువ్వు గేమ్ చేయడానికి వాడుతున్న ఇంజిను, అంటే సాఫ్ట్‌వేర్, గోడాట్ 3 అనుకుంటా. వత్తులు, గుణింతాలు కూర్చి చూపించే ఏర్పాటు 2023లో వచ్చిన గోడాట్ 4 నుంచే ఉంది. 3లో అక్షరాలు నువ్వు చెప్పినట్టే విడిపోతాయి. కానీ నా దగ్గరున్న చేతి పరికరంలో 3తో చేసిన గేములే సాఫీగా నడిచాయి కాబట్టి ఇంజిను మార్చమని చెప్పను. నువ్వు డి.టి.పి. చేస్తావు కదా. ప్రతి సంభాషణనూ నీ పేజీ సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చి బొమ్మగా ఎగుమతి చెయ్. గేమ్‌కు అది అక్షరమని తెలియాల్సిన పని లేదు, బొమ్మ చూపిస్తుంది అంతే. వత్తు ఎంత కిందికి దిగాలో, వరుసల మధ్య ఎంత జాగా కావాలో నీకు తెలిసినంత మాకెవరికీ తెలీదు. ఒకటే జాగ్రత్త, మాటలన్నీ ప్రూఫు చూసి ఖాయం చేసుకున్నాకే బొమ్మలు తీయి. లేకపోతే ఒక్క దీర్ఘం మార్చాలన్నా మళ్లీ మొదటికొస్తుంది.

పాత గేమ్‌బాయ్ మీద చేద్దామనే ఆలోచన వస్తే మానుకో. గేమ్‌బాయ్ గేములు చేసే జీబీ స్టూడియోతో నేను ప్రయత్నించాను. మంచి ఉచిత సాధనమే. కానీ ఆ తెర 160 బై 144 పిక్సెళ్లు, అంతా 8 బై 8 గడుల్లో పేర్చాలి. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో పడుతుంది. మనకు పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, మూడంతస్తులు కావాలి. నిలువునా రెండు గడులు పెడితేగాని "క్ష్మి" చదవడానికి రాదు. పైగా ఒక్కో దృశ్యానికి 192 వేరు వేరు గడులకు మించి ఇవ్వదు. వాటిలో కొండ గీయాలా, మాట రాయాలా? నేను మూడు నెలలు ఆ పేచీతోనే గడిపాను.

ఇక యుద్ధాలు. నవలల నుంచి గేములు చేసినవాళ్లు చాలామంది ఇక్కడికే వచ్చి ఇబ్బంది పడ్డారు. 2001లో హ్యారీ పాటర్ మొదటి నవల గేమ్‌బాయ్ కలర్‌కు ఆర్‌పీజీగా వచ్చింది. వంతుల వారీ పోరాటాలు పెట్టారు. నవలలో ఆ పిల్లవాడు ఎలుకల మీద మంత్రాలు వేస్తూ తిరగడు, గేమ్‌లో తిరగాల్సి వచ్చింది. బడిలో తిరుగుతున్న భావన మాత్రం బాగా పట్టారు, అది ఒప్పుకోవాలి. ఇంకో దారి 1993లో కంప్యూటర్ మీద వచ్చిన బిట్రేయల్ ఎట్ క్రోండోర్. రేమండ్ ఫీస్ట్ నవలల లోకంలో జరుగుతుంది గాని ఏ నవల కథనూ తిరిగి చెప్పదు. కొత్త కథ అల్లి అధ్యాయాలుగా పేర్చారు. రచయితకు ఎంత నచ్చిందంటే 1998లో ఆయనే ఆ గేమ్ కథను నవలగా రాశాడు. నువ్వూ ఆ లోకం తీసుకుని పోయిన ఆరు అధ్యాయాల చోట నీ కథ రాసుకోవచ్చు.

పెన్నేటి మాస్టారు (ప్రొద్దుటూరు)

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. గేములు మా మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినంత వరకే తెలుసు. కానీ జానపద కథ ఎలా నడుస్తుందో తెలుసు, ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మీ నాయనగారు ఒక రాత్రికి ఒక అధ్యాయం, అదీ పరాయి ఊళ్లో పండుకున్న రాత్రి రాశారన్నావు. కాశీమజిలీ కథలు నడిచే తీరు ఇదే. మణిసిద్ధుడు, గోపబాలుడు కాలినడకన కాశీకి పోతూ ప్రతి మజిలీలో ఆగుతారు. పిల్లవాడు ఊళ్లోకి పోయి ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, ఆయన కథ చెబుతాడు. కథ ముగిస్తే మళ్లీ నడక. మా మనవడి ఆటలో కూడా సత్రం లాంటి చోటికి పోయి పడుకుంటేనే ఆడినది నిలుస్తుంది, దాన్ని వాడు సేవ్ అంటాడు. నాయనగారి నైట్ హాల్టే నీ మజిలీ. ఆట అక్కడ నిలవాలి, అధ్యాయం అక్కడ మారాలి. నంద్యాల బస్సు ఎక్కిన పిల్లవాడు దిగేలోపు ఒక మజిలీ పూర్తి చేయగలిగితే చాలు.

రెండోది. నువ్వు చెప్పి దాటిపోయావు గాని నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది. అబద్ధానికి వీశెడు బరువు. పాత తూకంలో ఐదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. గొర్రెల కాపరి పిల్లవాడు మణుగు బరువు సంచితో కొండ ఎక్కలేడు. అంటే వాడికి ఎనిమిది అబద్ధాలే మిగులుంటాయి. మీ ఆటల్లో దెబ్బలు కొట్టి బలం పెంచుకుంటారు. ఇక్కడ మాట పోగొట్టుకున్నకొద్దీ నడక పోతుంది. కత్తి కన్నా పెద్ద కొలత నాయనగారే రాసిపెట్టి ఉన్నారు, తల్లీ. తోడేళ్లను తీసెయ్.

వాటి చోట పొడుపుకథలు పెట్టు. దారికి అడ్డం వచ్చినవాడు పొడుపుకథ వేస్తాడు, విప్పితే దారి ఇస్తాడు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది." కవ్వం అని చెప్పలేని పిల్లలు ఇప్పుడు ఎందరో. వాళ్లకు కవ్వం కూడా తెలుస్తుంది.

పోయిన అధ్యాయాల గురించి మాత్రం కొత్తగా అల్లమని నేను చెప్పలేను. అమ్మగారు విన్నారు కదా. ఆమెను అడిగావా?

లేపాక్షి బసవ (అనంతపురం)

మాస్టారూ, ఎనిమిది వీశెల లెక్క అద్భుతం. నేను ఎన్ని గేములు చేసినా ఈ కొలత తట్టేది కాదు.

పొడుపుకథల దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను, ఏమీ అనుకోకండి. పొడుపుకథ ఒకసారి తెలిసిపోతే రెండోసారి అందులో పస ఉండదు. గేమ్ ఓడిపోయి మళ్లీ మొదలుపెట్టిన పిల్లవాడు అదే కవ్వం జవాబు నొక్కి పోతాడు. తెలియని పిల్లవాడు అక్కడే కూలబడతాడు, లేదా ఫోన్‌లో వెతుక్కుంటాడు. ఊళ్లో అవ్వలు సరదాగా అడిగేలా రెండు మూడు పెట్టండి, దారికి అడ్డంగా వద్దు.

అక్కా, నీ నవలలో పోరాటం "సంచిలో ఏముంది?" అనే మాటే. దాన్నే వంతుల వారీ యుద్ధంగా కట్టు. ఎదుటివాడు ఒక ప్రశ్న వేస్తాడు. నీ వంతుకు నాలుగు దారులు: నిజం చెప్పడం, అబద్ధం చెప్పడం, ఊరుకోవడం, ఎదురు ప్రశ్న వేయడం. ఎదుటివాడికి అనుమానం అనే కొలత ఉంటుంది, అది నిండితే సంచి వెతుకుతాడు. అబద్ధంతో అనుమానం బాగా తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. ఊరుకుంటే అనుమానం కొంచెం పెరుగుతుంది గాని బరువు పెరగదు. ఎదురు ప్రశ్న మనిషిని బట్టి పనిచేస్తుంది. వర్తకుడిని ధర అడిగితే మెత్తబడతాడు, భటుడిని అడిగితే మండిపడతాడు. ఆ మనుషులెవరో ముందే ఊళ్లో నాలుగు మాటలు విని తెలుసుకోవాలి. ప్రాణం బదులు నీళ్ల తిత్తి పెట్టు. తోడేలుకు నీళ్లు పెడితే తిత్తి తగ్గుతుంది. ఆ తోడేలు తర్వాత ఎక్కడైనా అక్కరకు వస్తుందా నవలలో?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

వస్తుంది బసవా. 29వ అధ్యాయంలో గుహలో దీపం ఆరిపోతే అదే దారి చూపిస్తుంది.

బురుజు నీడ (కర్నూలు)

ఇంకో సంగతి మరిచిపోకండి. ఇంట్లో వరకైతే ఎవరూ అడగరు. బయట పెట్టాలనుకుంటే నవల హక్కుల సంగతి కాగితం మీద తేల్చుకోండి. రచయిత బతికుండగా అచ్చయిన రచనకు ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పోయాక తొలిసారి అచ్చయితే ఆ అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 కాపీరైట్ చట్టంలో ఉంది. నాన్నగారు వీలునామా రాయకపోయి ఉంటే హక్కు మీ ఒక్కరిది కాదు, అమ్మగారిది, తోబుట్టువులదీ. మాట మీద సరే అనుకుంటే సరిపోదు, రాతపూర్వకంగా సంతకాలు ఉండాలి. అమ్మగారు వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. ఇప్పుడు మనసులు కలిసి ఉన్నప్పుడే అది చేసుకోవడం మంచిది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అందరికీ ఒక్కొక్కరికీ విడిగా దండం పెట్టాలని ఉంది.

తోడేళ్ల యుద్ధాలన్నీ తీసేశాను. తెర పైన మూలన ఎనిమిది చిన్న గుండ్లు గీశాను, పాత తక్కెడ గుండ్లలాగా. అబద్ధం చెబితే ఒకటి నల్లబడుతుంది. మూడు నల్లబడ్డాక కుర్రవాడి నడక నెమ్మదిస్తుంది, ఆరయ్యాక వీపు వంగిన బొమ్మ వస్తుంది. ఆ వంగిన బొమ్మ గీయడానికి నాలుగు రోజులు పట్టింది. 16 పిక్సెళ్ల ఎత్తులో బరువు చూపించాలంటే తల ఒక్క పిక్సెల్ కిందికి, సంచి ఒక్క పిక్సెల్ వెనక్కి. అంతకు మించితే ముసలివాడిలా ఉన్నాడు.

వర్తకుడి దగ్గర మేనల్లుడు మొదటిసారి మూడు అబద్ధాలు చెప్పేసి గెలిచాననుకున్నాడు. తర్వాత కొండ దారిలో కాళ్లీడుస్తూ నడుస్తుంటే బటన్ గట్టిగా నొక్కుతున్నాడు, గట్టిగా నొక్కితే వేగం వస్తుందన్నట్టు. తిరిగి మజిలీ దగ్గర నుంచి మొదలుపెట్టి ఈసారి ఊళ్లోకి పోయి, వర్తకుడి కూతురికి జబ్బు చేసిందని తెలుసుకుని వచ్చి, ఆమె ఎట్లా ఉందని అడిగాడు. దారి దొరికింది. ఇది నవలలో ఉన్న దారే. నేను వాడికి చెప్పలేదు.

ప్రతి మజిలీలో ఆగిన బస్సు గీద్దామనుకున్నా గాని రాజుల కాలం కథలో బస్సు పొసగలేదు. రావి చెట్టు కింద అరుగు, దాని మీద దీపం. నాయన బస్సులో ఏ లైటు వెలుతురులో రాశాడో ఆ పసుపు రంగే దీపానికి వాడాను.

అక్షరాలు ఇప్పుడు నిండుగా ఉన్నాయి. సంభాషణ పెట్టెకు మూడు వరుసలు, వరుసల మధ్య వత్తులకు జాగా వదిలి కూర్చాను. బసవా, ప్రూఫు సంగతి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మొదటి ఊరికే 214 బొమ్మలయ్యాయి, వాటిలో తొమ్మిదింట్లో తప్పులు పట్టుకున్నాను. నాయన భాష మార్చలేదు. ఆయన "వచ్చినాడు", "చూస్తాండాడు" అని రాశాడు, అట్లే ఉంచాను. పొడుపుకథలు రెండు పెట్టాను మాస్టారూ, దొడ్డి దగ్గర అవ్వ అడుగుతుంది. ఒకటి మీ కవ్వం.

హక్కుల కాగితం కూడా రాయించాం. తమ్ముడు అదే రోజు వచ్చి సంతకం పెట్టి పోయాడు.

ఇక ఆరు అధ్యాయాలు. మాస్టారు అడిగిన రోజు రాత్రే అమ్మను అడిగాను. ఇన్నేళ్లూ నేను అడగలేదు, పోయిన పుస్తకం గురించి మాట్లాడితే బాధపడుతుందని. అమ్మ జొన్నరొట్టెలు తట్టుతూ ఏమీ ఆలోచించకుండా 19వ రాత్రి మొదలుపెట్టింది. "ఆ పొద్దు వాడికి ఎవురూ తావు ఇయ్యలేదు. పేదరాశి పెద్దమ్మ గుడిసెకు పోయినాడు..." పేదరాశి పెద్దమ్మ నవలలో ఉందని నాకు తెలియనే తెలియదు. ఆమె ఉన్నదంతా పోయిన ఆ పుస్తకంలోనే.

కాబట్టి ఆ ఆరు మజిలీలు నేను రాయడం లేదు, రాయించడం లేదు. కుర్రవాడు గుడిసెలో కూర్చుంటాడు, పెద్దమ్మ చెబుతుంది, గొంతు అమ్మది. అక్షరాల పెట్టె ఉండదు. నా ఫోన్‌లోనే రికార్డు చేస్తున్నా, ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి. 19, 20 రాత్రులు అయ్యాయి. ఒక్కోటి పదకొండు, పన్నెండు నిమిషాలు వస్తోంది.

20వ రాత్రి మధ్యలో అమ్మ ఒక చోట ఆగింది. మరిచిపోయిందేమోనని చూశాను. కాదు. "ఈడ మీ నాయన ఆగి నీళ్లు తాగేవాడు" అంది, కాసేపు ఊరకుండి మళ్లీ అందుకుంది. ఆ ఖాళీని కోయలేదు. అక్కడ తెర మీద పెద్దమ్మ లేచి కుండ దగ్గరికి నడిచి, ముంత ముంచి కుర్రవాడికి ఇచ్చేలా గీస్తున్నా. పదిహేడు సెకన్లు ఉంది. ముంత ముంచే బొమ్మ ఇంకా కుదరలేదు, మూడు ఫ్రేములు చాలవు. బసవా, నీళ్లు పోసే బొమ్మకు నువ్వు ఎన్ని వాడతావు?